ఆర్డర్ ఇవ్వకుండా వెనుదిరిగినవారి తరఫున: రెస్టారెంట్ చెయిన్ల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

రెస్టారెంట్ చెయిన్లు నడిపే యాజమాన్యాలకు, వారికి కియోస్కులు (వచ్చినవారే తెర తాకి ఆర్డర్ పెట్టుకునే యంత్రాలు), డిజిటల్ మెనూ తెరలు తయారుచేసి ఇచ్చే సంస్థలకు నమస్కారం.

నేను 11 ఏళ్ళుగా ఒక రెస్టారెంట్ చెయిన్‌లో పనిచేస్తున్నాను. మొదటి 8 ఏళ్ళు కౌంటర్ వెనుక నిలబడి ఆర్డర్లు తీసుకున్నాను. ఆ తర్వాత మా బ్రాంచికి నాలుగు కియోస్కులు వచ్చాయి. అప్పటి నుంచి కౌంటర్ ఇవతలికి వచ్చి ఆ యంత్రాల పక్కన నిలబడుతున్నాను. తడబడేవారికి సాయం చేయడం నా పని. మీ సమావేశాల్లో కియోస్కుల లెక్కలు చాలానే చూస్తూ ఉంటారు. ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఒక్కో ఆర్డర్‌కు ఎంతసేపు పట్టింది, సగటు బిల్లు ఎంత పెరిగింది అన్నవన్నీ మీ ముందు ఉంటాయి. ఆ లెక్కలకు అందని మనుషులు కొందరున్నారు. వాళ్ళను రోజూ కళ్ళారా చూసేదాన్ని నేను. వాళ్ళ మాట మీ దాకా చేర్చకపోతే తప్పు నాదే అవుతుందనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఒక మధ్యాహ్నం అరవై దాటిన పెద్దాయన ఒకరు వచ్చారు. ఏళ్ళ తరబడి ఇనుముతోనో రాయితోనో పని చేశారని ఆయన చేతులు చూస్తేనే తెలుస్తుంది. వేళ్ళ కొసలు కాయలు కాచి, పగిలి ఉన్నాయి. తెర మీద వేలు పెట్టారు. ఏమీ కదలలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కారు. అప్పుడూ కదలలేదు. ఈ తెరలకు బలంతో పని లేదు. వేలు తగిలినప్పుడు తెర మీది విద్యుదావేశంలో వచ్చే చిన్న మార్పును బట్టి అవి స్పర్శను పసిగడతాయి. ఎండిపోయి మొద్దుబారిన చర్మం తగిలితే ఆ మార్పు వాటికి చాలాసార్లు అందదు. ఆయన ఓపికగా ఒక్కొక్కటీ నొక్కుతూ మూడు పదార్థాలు ఎంచుకున్నారు. నాలుగోది వెతుకుతుండగా తెర మధ్యలో ఒక పెట్టె వచ్చింది. ‘ఇంకా ఉన్నారా?’ అని అడిగి, పది నుంచి కిందికి అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అదేమిటో చదవడానికి ఆయన జేబులోంచి కళ్ళద్దాలు తీసేలోపే ఎంచుకున్నవన్నీ చెరిగిపోయి తెర మళ్ళీ మొదటికి వచ్చింది.

నేను పక్క కియోస్కు దగ్గర వేరొకరికి సాయం చేస్తున్నాను. పరుగున వెళ్ళేసరికి ఆయన నా వైపు తిరిగి, “నేనేదో తప్పు చేసినట్టున్నానమ్మా” అన్నారు. మీ తప్పేమీ లేదు, నేను పెట్టి ఇస్తానండి అన్నాను. ఆయన వెనుక వరుసలో నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళను ఒకసారి చూసి, “వద్దులేమ్మా, పాపం వాళ్ళకు ఆలస్యమవుతుంది” అని తలుపు తోసుకొని వెళ్ళిపోయారు. ఆకలితో వచ్చిన మనిషి తప్పంతా తన మీదే వేసుకొని ఆకలితోనే వెళ్ళిపోయారు. నాకు ఆ రోజంతా అన్నం సహించలేదు.

సగంలో ఆగిన ఆర్డర్‌ను యంత్రం నమోదు చేస్తుంది. కాబట్టి ఆ పెద్దాయన కనీసం ‘వదిలేసిన ఆర్డర్ 1’ అన్న రూపంలోనైనా మీ దగ్గరికి చేరి ఉంటారు. అసలు తెరను తాకనివారి సంగతి ఏమిటి? తలుపు తీసి లోపలికి వస్తారు, ఎత్తైన నాలుగు తెరలు చూస్తారు, కౌంటర్ వైపు చూస్తారు. అక్కడ ‘దయచేసి కియోస్కులో ఆర్డర్ చేయండి’ అని బోర్డు ఉంటుంది. ఒక్క క్షణం ఆగి, ఏదో మరచిపోయినట్టు ముఖం పెట్టి వెనక్కి తిరుగుతారు. వారి గురించి ఏ యంత్రంలోనూ ఒక్క అక్షరం మిగలదు. కియోస్కు పెట్టాక ఎవరూ ఫిర్యాదు చేయలేదని మీకు నివేదిక వస్తుంది. ఫిర్యాదు చేయవలసినవారు ఎప్పుడో బయటికి వెళ్ళిపోయారు.

నేను యంత్రాలకు శత్రువును కాను. ఈ మాట మొహమాటానికి రాయడం లేదు. చెవులు వినపడని ఒక అమ్మాయి మా దగ్గరికి తరచుగా వస్తుంది. కౌంటర్ రోజుల్లో ఎప్పుడూ అన్నయ్యను వెంటబెట్టుకొని వచ్చేది. కియోస్కులు వచ్చిన నెలలోనే మొదటిసారి ఒంటరిగా వచ్చి, తనకు కావలసినది తానే ఎంచుకొని, తనకు పడనిది తీసేయించుకొని, టోకెన్ పట్టుకొని నన్ను చూసి నవ్వింది. మాట తడబడేవారికి, ఆ ఊరి భాష రానివారికి, మనిషి ఎదురుగా నిలబడితే గాభరా పడేవారికి ఈ తెర ఎంత ఊరటో దగ్గరుండి చూశాను. మెనూ బోర్డుల విషయం కూడా అంతే. ధర మారిన ప్రతిసారీ నిచ్చెన ఎక్కి ప్లాస్టిక్ పలకలు ఊడదీసి కొత్తవి బిగించినదాన్ని నేను. ఇప్పుడు అయిపోయిన పదార్థం తెర మీద నుంచి దానంతట అదే తొలగిపోతుంది. లేనిదాన్ని అడిగించుకొని లేదని చెప్పవలసిన ఇబ్బంది మాకు తప్పింది. నా గొడవంతా యంత్రాన్ని పెట్టే పద్ధతితోనే.

యంత్రంతో తిండి అమ్మడం మీతో మొదలైనది కూడా కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1902లో హార్న్ అండ్ హార్డర్ట్ అనే సంస్థ ‘ఆటోమాట్’ తెరిచింది. గోడ నిండా చిన్న చిన్న గాజు తలుపులు, ఒక్కో తలుపు వెనుక ఒక్కో పదార్థం ఉండేవి. నాణెం వేసి పిడి తిప్పితే తలుపు తెరుచుకునేది. 1912లో న్యూయార్క్‌కు వచ్చి దశాబ్దాల పాటు వెలిగింది. చివరి ఆటోమాట్ 1991లో మూతపడింది. ఆ చరిత్రలో నన్ను పట్టి నిలిపినది గాజు తలుపులు కావు. హాలులో ఒక గాజు గది ఉండేది. అందులో కూర్చున్న స్త్రీలు నోట్లు తీసుకొని, చూపు పక్కకు తిప్పకుండానే, సరిగ్గా అన్ని 5 సెంట్ల నాణేలను పలక మీదికి విసిరేవారు. వేళ్ళు అరిగిపోకుండా రబ్బరు తొడుగులు పెట్టుకునేవారు. ‘నికెల్ త్రోయర్లు’ అని వారికి పేరు. 5 సెంట్ల నాణేన్ని అక్కడ నికెల్ అంటారు. అంత పెద్ద యంత్రశాలలోనూ, నాణేలు లేవని ఎవరూ వెనక్కి పోకుండా ముందు వరుసలో ఒక మనిషిని కూర్చోబెట్టారు. గోడ వెనుక ఖాళీ అరలు నింపుతూ మరెందరో ఉండేవారు. రోజంతా కియోస్కు పక్కన నిలబడే నాకు ఆ రబ్బరు తొడుగుల స్త్రీలు అక్కచెల్లెళ్ళలా అనిపిస్తారు.

అదే ఆలోచనను కంప్యూటర్లతో తిరిగి తెచ్చిన ‘ఈట్సా’ అనే సంస్థ 2015లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. తెర మీద ఆర్డర్ ఇస్తే గాజు అరలోంచి భోజనం తీసుకోవాలి. వండేవారు కనిపించేవారు కాదు. 2017లో అంధుల సంఘం ఆ సంస్థ మీద దావా వేసింది. నున్నటి గాజు మీద చూపు లేనివారు ఏ బటన్ ఎక్కడుందో ఎలా తెలుసుకుంటారన్నదే వారి ప్రశ్న. తర్వాత రాజీ కుదిరింది. 2019లో ఆ రెస్టారెంట్లు మూతపడ్డాయి. మూతపడటానికి కారణాలు వేరే ఉండవచ్చు, దావా వల్లే మూతపడ్డాయని నేను అనను. కానీ ఆ ప్రశ్న ఈ రోజుకీ మా నాలుగు తెరల ముందు నిలబడే ఉంది. మా యంత్రాలకు హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం లేదు. అది ఉండి, దాని పక్కన చేతికి తగిలే నాలుగైదు మీటలు ఉంటే చాలు, తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎప్పుడో వచ్చింది. అలాంటి కియోస్కులు తయారవుతూనే ఉన్నాయి. మీరు కొనే యంత్రంలో ఆ వసతి ఉందా లేదా అన్నది కొనే రోజున మీరు అడిగే ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది.

ఆ పెద్దాయన ఆర్డర్‌ను చెరిపేసిన పది సెకన్ల సంగతికి వస్తాను. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండటానికి ప్రపంచమంతా పాటించే డబ్ల్యూ.సి.ఎ.జి. మార్గదర్శకాలు ఉన్నాయి. గడువు ముగియబోతోందని హెచ్చరించాక, ఒక తేలికైన చర్యతో దాన్ని పొడిగించుకోవడానికి మనిషికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని వాటిలో ఉంది. మా కియోస్కు ఇచ్చేది అందులో సగం. ఆ పది అన్న అంకెను ఎవరు నిర్ణయించారని మా మేనేజర్‌ను అడిగాను. అది యంత్రంతో పాటే వచ్చిందని చెప్పారు. అంటే మీలో ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టిన అంకె కాదది. సెట్టింగుల్లోకి వెళ్ళి మార్చగలిగిన ఒక చిన్న అంకె. దాన్ని మార్చే అధికారం బ్రాంచిలో ఎవరికీ లేదు, మీ ప్రధాన కార్యాలయంలో ఉంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

ఎత్తు కూడా అలాంటిదే. చక్రాల కుర్చీలో కూర్చున్నవారి చేతికి అందాలంటే మీటలు నేల నుంచి 48 అంగుళాలకు మించి ఉండకూడదని అమెరికా వికలాంగుల చట్టం కింద 2010లో వచ్చిన ప్రమాణాలు చెబుతున్నాయి. నిలువెత్తు తెరల్లో పదార్థాల వర్గాలన్నీ పై అంచున పెడితే కుర్చీలో ఉన్నవారు చేయి చాచి చాచి అలసిపోతారు. ఒక్క బటన్ నొక్కితే తెర మీది సరంజామా అంతా కింది సగానికి దిగివచ్చే ఏర్పాటు చాలా యంత్రాల్లో ఉంది. మా దాంట్లో కూడా ఉంది. అయితే ఆ బటన్ పైన మూలన ఉంది! అది ఎవరి కోసం పెట్టారో వారి చేతికే అందదు. యూరప్‌లో చెల్లింపు టెర్మినళ్ళతో సహా పలు స్వయంసేవా యంత్రాలు అందరికీ అందుబాటులో ఉండాలన్న చట్టం 2025 జూన్ 28 నుంచి అమలులోకి వచ్చింది. దక్షిణ కొరియాలో కియోస్కుల మీద ఇలాంటి నిబంధన 2024 నుంచి దశలవారీగా అమలవుతోంది. చట్టం మెడ మీదికి వచ్చాక యంత్రాలన్నీ పీకి కొత్తవి పెట్టుకోవడం కంటే, ఇప్పుడే సరైనవి కొనడం మీకే చౌక.

భాష గురించి ఒక మాట. కియోస్కు తయారుచేసేవారిలో చాలామంది తెరను ముందు ఇంగ్లిషులో గీసుకుంటారు. తర్వాత మిగతా భాషలను అదే పెట్టెల్లోకి దూరుస్తారు. మన తెలుగులా కిందికి ఒత్తులు, పైకి గుడులు పోయే లిపులకు వరుసల మధ్య ఎక్కువ జాగా కావాలి. అది ఇవ్వకపోతే ఒత్తు తెగిపోయి ఒక పదం మరో పదంలా కనబడుతుంది. పేరు పెట్టెలో పట్టక మూడు చుక్కలతో ఆగిపోతుంది. ఆ మూడు చుక్కల వెనుక ఏముందో తెలియకుండా మనిషి డబ్బు కట్టాలి. తెర ఖరారు చేసేముందు ఆ భాష చదివే మనిషి ఒకరిని కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి దాకా ఒక ఆర్డర్ పెట్టించి చూడండి. ఒక్క పూట పని అది.

ఇక తలపైన వేలాడే మెనూ తెరలు. అవి కాగితం బోర్డు కంటే మెరుగైనవి కావాలంటే ముందు కదలకుండా ఉండాలి. మా దగ్గర మూడు తెరల్లో ఒకటి ప్రకటనలకు పోయింది. మిగిలిన రెండింటిలో మెనూ కొన్ని సెకన్లకు ఒకసారి పేజీ తిప్పుకుంటుంది. నెమ్మదిగా చదివేవారు సగం చదివేసరికి ఆ పేజీ పోయి ఆవిరి చిమ్ముతున్న బొమ్మ ఒకటి వస్తుంది. మళ్ళీ ఆ పేజీ వచ్చేదాకా తల ఎత్తి ఎదురుచూస్తారు. పిల్లవాడిని ఎత్తుకొని నిలబడిన తల్లి అలా మూడుసార్లు ఎదురుచూడటం చూశాను. చివరికి, “పైన చదవలేకపోతున్నాను, మీరే చెప్పండి” అంది. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా 4.5కు 1 నిష్పత్తిలోనైనా ఉండాలని ఆ డబ్ల్యూ.సి.ఎ.జి. మార్గదర్శకాలే చెబుతాయి. పెద్ద అక్షరాలకు 3కు 1 సరిపోతుంది. ముదురు బొమ్మ మీద సన్నటి బూడిదరంగు అంకెలు వేసినప్పుడు అందులో ఎంత మిగులుతుందో మీ డిజైనర్లను కొలిచి చెప్పమనండి. అమెరికాలో ఒకే పేరుతో 20 లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న చెయిన్లు మెనూ బోర్డుల మీద క్యాలరీలు చూపించాలన్న నిబంధన 2018 మే 7 నుంచి అమలులో ఉంది. పేజీ తిరిగే తెర మీద ఆ అంకె క్షణంలో మాయమైపోతే ఆ నిబంధన కోరుకున్న మేలు మనిషికి దక్కదు. ఒంటికి ఏది పడదో తెలుసుకోవలసినవారికైతే ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. ఆ సమాచారం మూడో పేజీ వెనుక దాచకండి.

ధరల గురించి కూడా భయం ఉంది. 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని వెండీస్ అనే రెస్టారెంట్ చెయిన్ డిజిటల్ మెనూ బోర్డులకు 2 కోట్ల డాలర్లు ఖర్చుపెడతామని, డైనమిక్ ప్రైసింగ్‌ను, అంటే వేళనూ గిరాకీనీ బట్టి ధర మార్చే పద్ధతిని, పరీక్షిస్తామని చెప్పింది. జనం భగ్గుమన్నారు. రద్దీ వేళ ధరలు పెంచే ఉద్దేశం తమకు లేదని సంస్థ వెంటనే వివరణ ఇచ్చుకుంది. జనం అంతగా ఎందుకు ఉలిక్కిపడ్డారో నాకు అర్థమైంది. బోర్డు మీద ధర అంటే లోపలికి వచ్చిన మనిషికి మీరిచ్చిన మాట. జేబులో ఎంత ఉందో లెక్క చూసుకొని వరుసలో నిలబడిన మనిషికి, తన వంతు వచ్చేసరికి ఆ మాట మారిపోకూడదు. తెరకు ఆ శక్తి ఉంది కాబట్టే, వాడబోమని మీరు బహిరంగంగా చెప్పాలని కోరుతున్నాను.

డబ్బు కట్టే దగ్గర మా కియోస్కులో ఏడుసార్లు ‘వద్దు’ అనాలి. నేను వేళ్ళతో లెక్కపెట్టాను. పెద్ద సైజు కావాలా, పానీయం కావాలా, తీపి కావాలా, సభ్యత్వం కావాలా అంటూ ఒక్కొక్కటీ తెర నిండా వస్తుంది. ‘కావాలి’ పెద్దగా, రంగులో ఉంటుంది. ‘వద్దు’ చిన్నగా, కింద ఉంటుంది. నేను కూడా కౌంటర్ దగ్గర ఇంకేమైనా కావాలా అని అడిగేదాన్నే. మీరే అడగమనేవారు. అయితే ఎదుటి మనిషి ముఖం చూసి, చాలని తెలిస్తే ఆగేదాన్ని. కియోస్కు వల్ల బిల్లు పెరిగిందని మీరు సంతోషిస్తున్నప్పుడు, అందులో ఎంత భాగం ఇష్టంగా అడిగినదో, ఎంత భాగం ‘వద్దు’ ఎక్కడుందో దొరకక ఒప్పుకున్నదో కూడా విచారించండి. రసీదు చూసి “ఇది నేను అడగలేదే” అంటూ నా దగ్గరికి వచ్చేవారు రోజుకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

నోట్లు, నాణేలు తీసుకోని కియోస్కు మరికొందరిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఆటోమాట్ పుట్టిన ఫిలడెల్ఫియాయే, నగదు తీసుకోబోమని చెప్పే దుకాణాలను 2019లో నిషేధించింది. అమెరికా పెద్ద నగరాల్లో ఆ పని చేసిన మొదటిది అదే. 2020లో న్యూయార్క్ కూడా అదే దారి పట్టింది. చేతిలో డబ్బు ఉండి కూడా తిండి కొనుక్కోలేని స్థితి ఎవరికీ రాకూడదని అక్కడివారు అనుకున్నారు.

వంటింటి సంగతి చెప్పకపోతే నా తోటివారికి అన్యాయం చేసినదాన్ని అవుతాను. ఇదివరకు ఇద్దరం ఆర్డర్లు తీసుకునేవాళ్ళం. లోపల పని ఎక్కువగా ఉంటే వెనక్కి ఒక చూపు చూసి, బయట మాటలు కాస్త నెమ్మది చేసేవాళ్ళం. ఇప్పుడు నాలుగు తెరల నుంచి, ఫోన్ల నుంచి ఆర్డర్లు ఒకేసారి లోపలి తెర మీద పడతాయి. ఆ తెర మీద ఎరుపు రంగు వెలుగుతూనే ఉంటుంది. లోపల చేతులు మాత్రం అన్నే ఉన్నాయి. ఒక్కో చోట తగ్గాయి కూడా. ముందు హాలులో వరుస కరిగిపోయినట్టు మీకు కనిపిస్తుంది. అది టోకెన్లు పట్టుకొని నిలబడే వరుసగా మారి, కౌంటర్ పక్కకు చేరింది. కోపమంతా నంబర్లు పిలిచే పిల్లవాడి మీద పడుతుంది. కౌంటర్ దగ్గర మిగిల్చిన జీతంలో కొంతైనా వంటింట్లో చేతులు పెంచడానికి పెట్టండి.

తెరలు ఆగిపోయే రోజు కూడా వస్తుంది. 2024 మార్చి 15న మెక్‌డొనాల్డ్స్ సిస్టమ్‌లు ఒక్కసారిగా స్తంభించి, జపాన్, ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాల్లో ఆర్డర్లు ఆగిపోయాయి. కొన్ని శాఖలు తలుపులు మూసుకున్నాయి. దాడి ఏమీ జరగలేదు, బయటి సంస్థ ఒకటి సెట్టింగులు మారుస్తుండగా అలా అయిందని సంస్థ చెప్పింది. మా దగ్గర ఒకసారి గంటన్నర పాటు కియోస్కులన్నీ నల్లబడ్డాయి. పాత ఉద్యోగులం ముగ్గురం కాగితం, పెన్ను తీసుకొని వరుస దగ్గరికి వెళ్ళాం. కొత్తగా చేరిన పిల్లలు బెదిరిపోయి నిలబడ్డారు. వాళ్ళు ఒక్క ఆర్డర్ కూడా నోటితో అడిగి తీసుకున్నవారు కాదు. ఆ పని ఎవరూ వాళ్ళకు నేర్పలేదు. ప్రతి కొత్త ఉద్యోగీ నెలకు ఒక పూటైనా కౌంటర్ దగ్గర మనుషులతో మాట్లాడి ఆర్డర్ తీసుకునేలా చూడండి.

ఒక్క కౌంటర్‌ను మనిషితో, నగదు పెట్టెతో ఎప్పుడూ తెరిచి ఉంచండి. ‘దయచేసి కియోస్కులో ఆర్డర్ చేయండి’ అన్న బోర్డు తీసేసి, ‘కావాలంటే ఇక్కడ అడగండి’ అన్నది పెట్టండి. ఆ ఒక్క పని చేస్తే మిగిలిన లోపాలు సరిదిద్దుకోవడానికి మీకు కాస్త వ్యవధి దొరుకుతుంది.

దీని మీద తుది నిర్ణయం తీసుకునేముందు మీలో ఎవరైనా ఒక్క మధ్యాహ్నం, ఎవరికీ చెప్పకుండా, మీ బ్రాంచిల్లో ఏదో ఒకదానికి వచ్చి కియోస్కు పక్కన నిలబడండి. చేతిలో కాగితం ఉంచుకోండి. తలుపు తీసి లోపలికి వచ్చి, తెర వైపు చూసి, దాన్ని తాకకుండా వెళ్ళిపోయినవారికి ఒక్కో గీత గీయండి. నేను ఆ పని మొదలుపెట్టాను. మొన్న ఆదివారం పన్నెండు నుంచి మూడు దాకా 14 గీతలు వచ్చాయి. అందులో ఇద్దరిని తలుపు దగ్గర ఆపి, నేనే ఆర్డర్ పెట్టి కూర్చోబెట్టాను. మిగిలిన 12 మందిని అందుకోలేకపోయాను. ఆ కాగితం మా మేనేజర్‌కు ఇచ్చాను. ఆయన మంచివారు, శ్రద్ధగా చూశారు. పై కార్యాలయానికి పంపే నివేదికలో ఈ అంకె రాయడానికి గడి లేదని చెప్పి, కాగితం మడిచి సొరుగులో పెట్టారు. ఆ గడిని మీరే చేర్చాలి.

ఇట్లు,
కియోస్కుల పక్కన నిలబడే ఒక ఉద్యోగిని